అమెరికా పాత సామాను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

అమెరికాలో స్థిరపడిన కొడుకులు, బిడ్డలు సెలవులకు వచ్చేటప్పుడు పాత వస్తువులు కొని తేవడం ఈ మధ్య ఎక్కువైంది. 1945 తర్వాత ఇరవై ఏళ్లలో అమెరికా పిల్లల చుట్టూ ఉన్న రేడియోలు, రికార్డు ప్లేయర్లు, బొమ్మ రైళ్లు ఇప్పుడు హనుమకొండలో, కరీంనగర్‌లో షోకేసుల్లో కనిపిస్తున్నాయి. వాటిని నడిపించడం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. అన్నింటికీ వర్తించే మాట ఒకటి ముందే చెప్పాలి. మన కరెంటు 230 వోల్టులు, 50 సైకిళ్లు (సెకనుకు కరెంటు అటూ ఇటూ ఊగే సార్లు). వాళ్లది 120 వోల్టులు, 60 సైకిళ్లు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని దించుతుంది కానీ సైకిళ్లను మార్చదు. చాలామంది వస్తువులు పాడు చేసుకుంటున్నది ఇక్కడే.

మా బిడ్డ ఒహాయో నుంచి 1950ల నాటి చిన్న బేకలైట్ రేడియో తెచ్చింది. వంటింటి బల్ల మీద పెట్టుకొని పిల్లలు బేస్‌బాల్ కామెంటరీ వినేటోళ్లట. మా వీధిలో ఎలక్ట్రీషియన్ స్టెప్‌డౌన్ పెట్టి వేద్దామంటున్నడు. వేయొచ్చునా? డయల్ మీద రెండు చోట్ల చిన్న త్రికోణాలున్నయి, అవేంది?
— ఒక పాఠకుడు, హనుమకొండ

ఇప్పుడే వేయకండి. ముందు వెనుక అట్ట విప్పి వాల్వుల (లోపల వెలిగే గాజు గొట్టాల) మీది నంబర్లు చూడండి. 12బీఈ6, 12బీఏ6, 12ఏవీ6, 50సీ5, 35డబ్ల్యూ4 అని ఉంటే అది అక్కడ ఇంటింటా ఉండిన ఐదు వాల్వుల సెట్టు. ఇందులో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాల్వుల హీటర్లన్నీ (లోపల వేడెక్కే తీగలు) పెళ్లి పందిరి సీరియల్ బల్బుల మాదిరి ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి. మూడు పన్నెండున్నర పైచిలుకువి, ఒకటి 35, ఒకటి 50, అన్నీ కలిపితే 122.8 వోల్టులు. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే వాళ్ల కరెంటుకు సరిపోయింది, అందుకే చవకగా అమ్మగలిగారు. ఒక్క హీటర్ తెగినా ఐదూ ఆరిపోతాయి. సెట్టు పూర్తిగా చల్లగా ఉంటే వాల్వులను ఒక్కొక్కటిగా తీసి, హీటర్ కాళ్ల మధ్య మీటర్ పెట్టి తెగిందేదో పట్టుకోవచ్చు.

ట్రాన్స్‌ఫార్మర్ లేకపోవడంలోనే ప్రమాదం ఉంది. కరెంటు వైరులో ఒకటి నేరుగానో, ఒక రెసిస్టర్ ద్వారానో లోపలి ఇనుప చాసిస్‌కు కలుస్తుంది. ప్లగ్గు తిప్పి పెడితే చాసిస్ మొత్తం ఫేజ్ అవుతుంది. నాబ్ ఊడిపోయి ఇనుప కాడ బయటికి కనిపిస్తున్న సెట్టును పిల్లలు ముట్టుకుంటే షాకు కొడుతుంది. బజారులో స్టెప్‌డౌన్ పేరుతో దొరికే వాటిలో చాలావరకు ఒకే చుట్టతో చేసిన ఆటో ట్రాన్స్‌ఫార్మర్లు. అవి వోల్టేజీ తగ్గిస్తాయి గానీ ఫేజ్ నుంచి విడదీయవు. మీకు కావలసింది రెండు వేరు వేరు చుట్టలున్న ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్: 230 నుంచి 115 వోల్టులకు, 100 వీఏ. సెట్టు తినేది 30 వాట్లే కాబట్టి ఇది బాగా సరిపోతుంది. మోటార్ వైండింగ్ చేసే షాపులో చెప్పి చుట్టించుకోవచ్చు, లేదంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ప్రయాణాల కోసం అమ్మే అరచేతిలో పట్టే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు.

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చినా వెంటనే స్విచ్ వేయవద్దు. అరవై ఏళ్లు దాటిన కండెన్సర్లు లోపల ఎండిపోయి ఉంటాయి. పెద్ద ఎలక్ట్రోలిటిక్ డబ్బాలో సాధారణంగా 50, 30 మైక్రోఫారడ్లు ఉంటాయి. వాటి బదులు 47, 33 మైక్రోఫారడ్లవి, 250 వోల్టులవి వేయించండి. పెద్దది వేస్తే గుర్ర్ శబ్దం తగ్గుతుందని 100 వేసే మెకానిక్‌లుంటారు, ఒప్పుకోవద్దు. స్విచ్ వేసిన క్షణంలో ఆ కండెన్సర్ గుంజే కరెంటుకు 35డబ్ల్యూ4 (ఏసీని డీసీగా మార్చే వాల్వు) దెబ్బతింటుంది. మైనం పూసిన కాగితపు కండెన్సర్లన్నీ మార్చి 630 వోల్టుల ఫిల్మ్ రకం వేయాలి. వాటిలో ముఖ్యమైనది 50సీ5 (స్పీకర్‌ను నడిపే వాల్వు) గ్రిడ్ అనే కాలుకు వెళ్లేది. అది లీకైతే గొంతు బొంగురుపోతుంది, కొద్దిసేపటికి ఆ వాల్వు ఎర్రగా కాలుతుంది.

మొదటిసారి వేసేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఇన్‌పుట్ వైరులో 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బును సీరీస్‌గా పెట్టండి. మందంగా వెలిగితే మంచిది. పూర్తి వెలుగుతో మండితే లోపల షార్టు ఉన్నట్టు, వెంటనే ఆపండి. 50 సైకిళ్ల వల్ల ఈ రేడియోకు నష్టం లేదు, గుర్ర్ శబ్దం ఒక పిసరు పెరుగుతుంది, అంతే. డయల్ మీద 55 నుంచి 160 వరకు అంకెలుంటాయి, చివర ఒక సున్నా కలుపుకొని చదవాలి. ఆకాశవాణి హైదరాబాద్-ఎ 738 కిలోహెర్ట్జ్, అంటే 70, 80 మధ్య వెతకండి. అక్కడి స్టేషన్లు 10 కిలోహెర్ట్జ్ ఎడంతో, మనవి 9 ఎడంతో ఉంటాయి. ముల్లు తిప్పే డయల్‌కు అది అడ్డు కాదు. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టరు ఆపి వింటే గరగర చాలావరకు పోతుంది.

ఇక త్రికోణాలు. అవి 640, 1240 దగ్గర ఉన్నాయి కదా? అయితే మీ సెట్టు 1953, 1963 మధ్య తయారైంది. శత్రు విమానాలు వస్తే అన్ని స్టేషన్లూ ఆగిపోయి, ఆ రెండు ఫ్రీక్వెన్సీల మీద మాత్రమే ప్రభుత్వ హెచ్చరికలు వినిపించే ఏర్పాటు అది. దాని పేరు కాన్‌ఎల్‌రాడ్. మామూలు స్టేషన్ ప్రసారాన్ని ఆనవాలుగా పట్టుకొని బాంబర్లు ఊరి మీదికి రాకుండా 1951లో మొదలుపెట్టారు. బడిలో బల్లల కిందికి దూరి తల కప్పుకొనే డ్రిల్లు చేసిన పిల్లలు ఇంటికొచ్చి చూసిన గుర్తులు ఇవే. దయచేసి డయల్ తుడిచేటప్పుడు స్పిరిట్ వాడి వాటిని చెరపకండి.

అల్లుడు తెచ్చిన రికార్డు ప్లేయర్ స్టెప్‌డౌన్ మీద తిరుగుతున్నది గానీ ఆడ గొంతు మగ గొంతు లెక్క వినిపిస్తున్నది. బెల్టు మార్చాలన్నరు. తీసి చూస్తే అసలు బెల్టే లేదు.
— ఒక పాఠకురాలు, కరీంనగర్

ప్లేయర్‌లో లోపం లేదమ్మా, లోపం సైకిళ్లది. ఆ మోటార్ వేగం కరెంటు సైకిళ్లను బట్టి ఉంటుంది. 60కి చేసింది 50 మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు 27.8 దగ్గర, 45 తిరగాల్సింది 37.5 దగ్గర, 78 తిరగాల్సింది 65 దగ్గర ఆగిపోతాయి. మూడు నిమిషాల పాట మూడు నిమిషాల 36 సెకన్లు పడుతుంది, శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు దిగుతుంది. రూఢి చేసుకోవాలంటే ప్లేటు అంచున చిన్న కాగితం అతికించి, 33 వేగంలో పెట్టి మూడు నిమిషాలు లెక్కించండి. 100 చుట్లు రావాలి. 83 వస్తే సంగతి ఇదే.

దీనికి రెండు దారులున్నాయి. మోటార్ కాడ మీద మెట్లు మెట్లుగా ఉన్న ఇత్తడి బుష్, దానికి ఆనుకొని రబ్బరు చక్రం ఉంటాయి. బుష్ ప్రతి మెట్టు వ్యాసం 1.2 రెట్లు కావాలి, 5 మి.మీ. మెట్టు 6 మి.మీ. అవ్వాలన్నమాట. లేత్ షాపులో కొత్త బుష్ తీయించవచ్చు. అయితే ఏ మెట్టు కొంచెం వంకరగా వచ్చినా పాట ఊగుతుంది, పనివాడు నిదానస్తుడై ఉండాలి. పాతది పారేయకండి. రెండో దారి మాకు ఎక్కువ నచ్చుతుంది: 12 వోల్టుల బ్యాటరీ నుంచి 110 వోల్టులు, 60 సైకిళ్లు ఇచ్చే ప్యూర్ సైన్ ఇన్వర్టర్ 150 వాట్లది. అమెరికాలో కార్ల కోసం అమ్ముతారు, అల్లుడిగారిని తెమ్మనండి. దాంతో వోల్టులూ సైకిళ్లూ రెండూ సరిపోతాయి, వస్తువులో ఏదీ మార్చనక్కర లేదు. బుష్ మార్చి మన కరెంటు మీదే నడిపితే మాత్రం మోటార్‌కు 115 కాదు, 95–100 వోల్టులే ఇవ్వండి. తక్కువ సైకిళ్ల మీద అదే వోల్టేజీ ఇస్తే మోటార్ కాగిపోతుంది.

టక్ టక్ అని క్రమంగా శబ్దం వస్తుంటే రబ్బరు చక్రం ఒకచోట చదునైపోయింది. ఆపినప్పుడు నాబ్‌ను ఆఫ్ గుర్తు మీదికి తేకపోతే చక్రం బుష్‌కు అదిమి ఉండి అలా అవుతుంది. గొంతు నీరసంగా, ముక్కుతో పాడినట్టు వస్తే కార్ట్రిడ్జ్ (సూది కదలికను కరెంటుగా మార్చే ముక్క) పోయిందని అర్థం. 1950ల చవక ప్లేయర్లలో రోషెల్ లవణపు స్ఫటికం ఉండేది. తేమ తగిలినా, 55 డిగ్రీలు దాటినా అది చెడుతుంది. మన మే నెలలో రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన కారులోనో పెడితే ఒక్క మధ్యాహ్నం చాలు. దాని స్థానంలో సెరామిక్ రకం వేయించండి.

సూది గురించి కూడా జాగ్రత్త. 78 రికార్డు సూది కొన దాదాపు 0.075 మి.మీ., ఎల్‌పీ (33⅓ వేగంతో తిరిగే పెద్ద రికార్డు) సూది 0.025 మి.మీ. తల దగ్గరున్న చిన్న మీట తిప్పితే ఒకటి పోయి ఇంకొకటి వస్తుంది. 78 సూదితో ఎల్‌పీ వేస్తే గాడి శాశ్వతంగా పాడవుతుంది. 1948లో కొలంబియా ఎల్‌పీ తెచ్చింది, మరుసటి ఏడు ఆర్‌సీఏ 45 తెచ్చింది. అప్పటి పిల్లలు జేబు డబ్బుతో కొనుక్కున్నది ఆ చిన్న 45లనే. వాటి మధ్య రంధ్రం 38 మి.మీ. కాబట్టి ప్లాస్టిక్ అడాప్టర్ కావాలి. మీ ఇంట్లో పాత తెలుగు 78లుంటే స్పిరిట్‌తో తుడవకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్‌లో కరుగుతాయి. నాలుగు చుక్కల సబ్బు కలిపిన డిస్టిల్డ్ వాటర్, మెత్తని బట్ట చాలు. లేబుల్ తడవనివ్వకండి. నిలబెట్టి దాచండి, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంగిపోతాయి.

లోకోషెడ్డులో పనిచేసి రిటైరైన. మనుమడికి లయనెల్ బొమ్మ రైలు సెట్టు వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ పది నిమిషాలకే కాలుతున్నది. మధ్యన మూడో పట్టా ఎందుకున్నది?
— ఒక పాఠకుడు, కాజీపేట

మధ్య పట్టా ఒక కొస, బయటి రెండు పట్టాలూ కలిసి ఇంకో కొస. చక్రాలు రెండూ ఒకే కొసకు ఆనుతాయి కాబట్టి పట్టాను ఎటు వంచి, ఎలా కలిపి వేసినా షార్టు కాదు. పిల్లలు నేల మీద ఇష్టమొచ్చిన రీతిలో దారి వేసుకోగలిగింది అందుకే. బయటి పట్టాల మధ్య ఎడం ఒకటింపావు అంగుళం. ఇంజను మోటార్ ఏసీ మీద నడిచే బ్రష్ మోటార్, దాని వేగం వోల్టులను బట్టే ఉంటుంది. అందుకని రికార్డు ప్లేయర్‌లా నెమ్మదించదు.

కాలుతున్నది సెట్టుతో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్. 60 సైకిళ్లకు చుట్టిన ఇనుప కోరు 50 మీద అయస్కాంత శక్తితో నిండిపోయి ఎక్కువ కరెంటు లాగుతుంది. మీ స్టెప్‌డౌన్‌కు 95 వోల్టుల ట్యాప్ వేయించి దానికి కలపండి, వేడి తగ్గుతుంది. దాని వైరు మీది రబ్బరు ఎండి పగిలి ఉంటే ముందు వైరు మార్చాలి. రైలు నడుస్తున్నంతసేపు పెద్దవాళ్లు పక్కనే ఉండాలి.

పట్టాల తుప్పు తీయడానికి అంట్లు తోమే స్టీలు పీచు వాడకండి. 1950 నుంచి కొన్ని ఇంజన్లలో చక్రాలు పట్టాలను పట్టుకోవడానికి అయస్కాంతం పెట్టారు. రాలిన పీచు ముక్కలను అవి లోపలికి లాక్కుంటాయి, మోటార్ షార్టవుతుంది. ప్లాస్టిక్ పీచుతో రుద్ది గుడ్డతో తుడవండి. ఇరుసులకు ఒక్క చుక్క నూనె చాలు. కమ్యుటేటర్ మీద మాత్రం నూనె పడకూడదు. నల్లబడితే స్పిరిట్‌లో ముంచిన బడ్స్‌తో తుడిచి, కార్బన్ బ్రష్‌లు ఎంత మిగిలాయో చూడండి. ఇంతకన్నా మీకు చెప్పనక్కర లేదు.

వ్యూమాస్టర్ (కళ్లకు ఆనించి చూసే బొమ్మల పెట్టె) బొమ్మల చక్రాలు కొన్ని రంగు తేటగా, కొన్ని ఎర్రగా ఉన్నాయి. ఎర్రబడినవి బాగవుతాయా?
— ఒక పాఠకురాలు, జగిత్యాల

కావు. తేటగా ఉన్నవి కోడాక్రోమ్ ఫిల్మువి, పాతవైనా రంగు నిలుపుకున్నాయి. ఎర్రబడినవి తర్వాతి కాలంలో వేరే ఫిల్ము మీద అచ్చువేసినవి. 1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో మొదలైన ఈ బొమ్మల చక్రంలో 14 ఫిల్ము ముక్కలుంటాయి. ఎదురెదురుగా ఉన్న రెండు కలిస్తే ఒక దృశ్యం, మొత్తం ఏడు. మన వానాకాలంలో అట్ట ఉబ్బి మీట దగ్గర ఇరుక్కుంటుంది. బలంగా లాగితే అంచు చిరుగుతుంది. ఫ్యాను గాలికి ఒక రోజు ఉంచండి, ఎండలో వద్దు. ఫిల్ము మీద బూజు సాలెగూడులా పాకితే పోదు, కాబట్టి సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో దాచండి. చూసేటప్పుడు ఆకాశం వెలుగు వైపు పట్టాలి గానీ సూర్యుడి వైపు ఎప్పుడూ పట్టకూడదని పిల్లలకు గట్టిగా చెప్పండి.

పాత రేకు బొమ్మలు, చెక్క యోయో పసిపిల్లలకు ఇవ్వొచ్చా? యోయో కింద నిలబడి తిరగడం లేదు.
— ఒక పాఠకుడు, మంచిర్యాల

రంగు వేసిన పాత బొమ్మలు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇవ్వకండి. సీసం కలిపిన రంగులను అమెరికా ఇళ్లలో, బొమ్మల మీద నిషేధించింది 1978లో. అంతకు ముందువి ఏవైనా అనుమానించాల్సిందే. రంగు పెచ్చులూడుతుంటే గీకవద్దు, ఆ పొడి మరీ చెడ్డది. అద్దాల బీరువాలో పెట్టండి.

యోయో నిలవకపోవడానికి కారణం దారాన్ని ఇరుసుకు ముడివేయడం. కొత్త నూలు దారం రెండు పోగుల పురి. కొసను పురికి ఎదురు తిప్పితే ఉచ్చు తెరుచుకుంటుంది, దాన్ని ఇరుసు మీద వదులుగా తగిలించాలి, అంతే. యోయో నేలను తాకేలా దారాన్ని జారవిడిచి, బొడ్డు దగ్గరికి వచ్చేచోట కత్తిరించి వేలికి ఉచ్చు వేయండి. చిన్నపిల్లలు నేర్చుకునేటప్పుడు ఉచ్చును ఇరుసుకు రెండుసార్లు వేస్తే నిలబడదు గానీ తప్పకుండా పైకి వస్తుంది. చేయి కుదిరాక ఒక చుట్టు తీసేయండి.