రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి జర్మన్ నాణేలు: ఏది పాతది, ఏది విలువైనది?

తాతగారి పెట్టెలో దొరికిన 1949, 1950 నాటి జర్మన్ ఫెన్నిగ్‌లకు (అప్పటి జర్మన్ మార్కులో నూరో వంతు, మన పైసల్లాంటివి) విలువ ఉంటుందా అని అడిగారు. చాలావాటికి పెద్దగా ఉండదు, కోట్లలో ముద్రించారు మరి. కానీ పక్కన పడేసే ముందు నాణెం మీది రాత చదవండి. మొదట్లో అప్పటి కేంద్ర బ్యాంకు పేరు 'బాంక్ డాయిచర్ లెండర్' (BANK DEUTSCHER LÄNDER) అని ఉండేది, 1950 నుంచి దేశం పేరు 'బుండెస్‌రెపుబ్లిక్ డాయిచ్‌లాండ్' (BUNDESREPUBLIK DEUTSCHLAND) అని మారింది.

తర్వాత నాణెం ఏ ఊరి టంకశాలలో తయారైందో చెప్పే అక్షరం చూడండి: డి అంటే మ్యూనిక్, ఎఫ్ స్టుట్‌గార్ట్, జి కార్ల్స్‌రూహె, జె హాంబర్గ్. అసలు కిటుకు ఇక్కడే ఉంది. మొక్క నాటుతున్న స్త్రీ బొమ్మ ఉన్న 50 ఫెన్నిగ్ మీద 1950, జి, పాత బ్యాంకు పేరు మూడూ కలిస్తే అది అరుదైనది. అలాంటివి దాదాపు 30,000 మాత్రమే. అదే ఏడాది, అదే జి, కొత్త పేరుతో ఉంటే మామూలుదే! నకిలీలూ ఉంటాయి కాబట్టి నిపుణుడికి చూపించండి.

1951–1974 మధ్య వచ్చిన 5 మార్కుల నాణెంలో సుమారు 7 గ్రాముల వెండి ఉంటుంది, కనీసం ఆ ధర వస్తుంది. వాటిలో 1958 జె మాత్రం కలెక్టర్లు వెతుక్కునేది. చింతపండుతో మాత్రం తోమకండి, మెరుపు వస్తుంది గానీ ధర పోతుంది.