షరియత్ మారదంటారు కదా, మరి కొత్త సమస్యలొస్తే ఎవరు ఎలా తేలుస్తారు?

నేను మతశాస్త్రం చదివిన ఆలిమ్‌ని కాను. మా ఖాలా (అమ్మ తోబుట్టువు) కూతురి కోసం మసీదుకీ కోర్టుకీ తిరిగినవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది చెప్తాను.

ఆమె భర్త గల్ఫ్ వెళ్లాడు. కొన్నాళ్లు డబ్బు పంపాడు, తర్వాత ఫోన్ కలవలేదు. ఎక్కడున్నాడో తమకూ తెలియదని తోటి పనివాళ్లు అన్నారు. జమాత్ (మసీదు సంఘం) పెద్దాయన ఒకరు, "ఓపిక పట్టు బేటీ, అతను పోయాడని తేలేదాకా నువ్వు అతని నికాలోనే ఉన్నట్టు" అన్నారు. ఇది ఆయన కల్పించింది కాదు. హనఫీ అనే ఇస్లామిక్ న్యాయ సంప్రదాయపు పాత గ్రంథాల ప్రకారం భర్త ఈడువాళ్లంతా పోయేదాకా, అంటే సుమారు అతనికి 90 ఏళ్లు వచ్చేదాకా ఆగాలి. చంకలో బిడ్డ ఉన్న పిల్లకి చెప్పే మాటేనా అది?

మతపరమైన తీర్పులు చెప్పే వేరే ముఫ్తీ సాబ్‌ని అడిగితే, ఈ చిక్కు మన పెద్దలు ఎప్పుడో విప్పారన్నారు. మాలికీ అనే మరో న్యాయ సంప్రదాయం, అంటే మజ్హబ్‌లో గడువు 4 ఏళ్లే. బ్రిటిష్ కాలంలో పంజాబ్‌లో కొందరు ఆడవాళ్లు భర్తల నుంచి బయటపడే దారి లేక ఇస్లాం వదిలేశామని కోర్టులో చెప్పేవారు. దాంతో నికా రద్దయ్యేది. అది చూసి ఆందోళనపడిన మత పండితుడు మౌలానా అష్రఫ్ అలీ థానవీ, పక్కా హనఫీ అయ్యుండి కూడా, గత్యంతరం లేనప్పుడు మాలికీ తీర్పు తీసుకోవచ్చని 1930ల్లో పుస్తకమే రాశారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ బాటలోనే వచ్చింది. భార్య మతం వదిలినంత మాత్రాన నికా రద్దు కాదని కూడా అందులోనే రాశారు.

కాబట్టి పాత సూత్రాల్ని కొత్త పరిస్థితికి అన్వయించడం కొత్తేమీ కాదు. అసలు గొడవ ఆ అధికారం ఎవరి చేతిలో ఉండాలన్నదే. ఇలాంటి కేసుల్లో ముస్లిం జడ్జే తీర్పివ్వాలని ఉలమా (మత పండితులు) అప్పట్లో పట్టుబట్టారు, చట్టంలో అది చేరలేదు. ఆ పేచీ మా ఇంటిదాకా వచ్చింది.

కోర్టులో మా వకీలు రెండు కారణాలు చూపించారు: 4 ఏళ్లుగా ఆచూకీ లేకపోవడం, 2 ఏళ్లుగా పోషణ ఇవ్వకపోవడం. ఆచూకీ లేని కేసుల్లో భర్త వారసులకు నోటీసు వెళ్తుంది. అలా ఆమె అత్తగారు కోర్టుకొచ్చి, "వాడు నాకూ ఫోన్ చెయ్యట్లేదు, ఈ పిల్లని ఎన్నాళ్లని కట్టేస్తాం" అన్నారు. మా వాదనలన్నిటికంటే ఆ మాటే బలంగా అనిపించింది నాకు. ఆచూకీ లేదన్న కారణంతో ఇచ్చే డిక్రీ 6 నెలల దాకా అమల్లోకి రాదు. ఈలోగా భర్త తిరిగొచ్చి కాపురం చేస్తానని కోర్టును ఒప్పిస్తే ఆ డిక్రీ రద్దవుతుంది. ఆ 6 నెలలూ ఇంట్లో ఒకటే టెన్షన్.

తీరా గడువు ముగిశాక ఆ జమాత్ పెద్దాయనే, ముస్లిం కాని జడ్జి చేసిన ఫస్ఖ్ (నికా రద్దు) చెల్లదన్నారు. ఫత్వాలకు (ముఫ్తీల అభిప్రాయాలకు), దారుల్ ఖజా (మత పంచాయతీ) తీర్పులకు చట్టబద్ధత లేదని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది, కాబట్టి చట్టం దృష్టిలో డిక్రీ చాలు. కానీ రెండో సంబంధం వచ్చినప్పుడు అవతలివాళ్లు అడిగేది కోర్టు కాగితం ఒక్కటే కాదు కదా! అందుకే దారుల్ ఖజా నుంచి కూడా ఫస్ఖ్ రాయించుకుని, ఇద్దత్ (మళ్లీ పెళ్లికి ముందు ఆగాల్సిన గడువు) పూర్తి చేసింది. నాకైతే రెండోసారి తిరగడం అన్యాయంగానే అనిపించింది. ఆమె మాత్రం "రేపు నన్నెవరూ వేలెత్తి చూపకూడదు భాయ్" అంది.

మీ ఇంట్లో ఆడపిల్ల నికా ఉంటే ఒకటి ఆలోచించండి. ఫలానా పరిస్థితి వస్తే తలాఖ్ తీసుకునే హక్కు భార్యకు అప్పగిస్తున్నానని భర్త ముందే రాసివ్వవచ్చు, దాన్ని తఫ్వీజ్ అంటారు. హనఫీ న్యాయశాస్త్రం, అంటే ఫిఖ్‌లో ఉన్నదే, మన కోర్టులూ ఒప్పుకుంటాయి. మా చిన్న చెల్లెలి నికానామాలో అది రాయించాం. పెళ్లికొడుకు తరఫువాళ్లు కాసేపు మొహం ముడుచుకున్నారు గానీ, ఖాజీ సాబ్ ఇందులో తప్పేమీ లేదనడంతో సంతకం పెట్టారు.