నీల్ దీవిలో ఇంటి బస: పొద్దున్నే చెప్పాల్సిన మాట

సంక్రాంతి సెలవులకు పిల్లలతో, అత్తగారితో అండమాన్ వెళ్తున్నామనీ, రిసార్టుల ధరలు చూసి గుండె జారిందనీ, ఇళ్లలో అద్దెకిచ్చే గదులను నమ్మవచ్చా అనీ అడిగారు. అత్తగారు చేప ముట్టరన్నది మీ అసలు బెంగ. మేము రెండేళ్ల కిందట డిసెంబరులో మా అమ్మను వెంటబెట్టుకుని వెళ్లాం. ఆవిడా చేప ముట్టదు. నమ్మవచ్చు, వెళ్లండి.

హావ్‌లాక్‌లో ఒక్క రాత్రే ఉండి, నీల్‌లో నాలుగు రాత్రులు గడిపాం. 2018లో ఈ రెండు దీవుల పేర్లను వరుసగా స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మార్చారు. టికెట్టు మీద ఆ పేర్లు చూసి కంగారు పడకండి. నీల్ చిన్న దీవి, సైకిలు మీద చుట్టేయవచ్చు. ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అమ్మ ఆ పేర్లు వినగానే సగం కుదుటపడింది. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడిన కుటుంబాలే అక్కడ ఎక్కువ. ఇంటి ముందు కూరగాయల మడి, వెనక పోకచెట్లు, పక్కన రెండు గదులు వేసి అతిథులకు ఇస్తారు. మేము గదికి రోజుకు 1,200 ఇచ్చాం, భోజనం విడిగా.

గది మాటకొస్తే, రేకుల కప్పు, దోమతెర, బకెట్టు స్నానం. కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులుంటే మరుగుదొడ్డి ఎలాంటిదో ఫోనులోనే అడగండి. ఫొటోల్లో మంచాలే చూపిస్తారు.

కానీ ఇంటి బసలో తేడా గదిలో కాదు, వంటింట్లో ఉంది. మా తప్పు చెబుతాను. రెండో రోజు పొద్దున ఇంటావిడ రాత్రికి తింటారా అని అడిగితే, ఏదో ఆలోచనలో ఉండి తల ఊపేశాను. అక్కడ డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే చీకటి పడుతుంది. పిల్లలకు ఆకలేసి రేవు దగ్గర కొట్లో కడుపు నిండా తినేసి తిరిగొచ్చాం. చూస్తే అరుగు మీద పీటలు వేసి ఉన్నాయి. మా కోసం ఆవిడ భర్త ప్రత్యేకంగా చేప కొనుక్కొచ్చాడట. మేము రాలేదని వాళ్లూ తినలేదు. ఆవిడ ఒక్క మాట అనలేదు, అదే ఇంకా ఇబ్బంది. మరునాడు పొద్దున పళ్లెంలో ఆ చేపే వచ్చింది. దెప్పుతున్నారనుకున్నాను. వాళ్ల పళ్లాల్లోనూ అదే ఉండటం చూశాక ఆ అనుమానం పోయింది. నూనె, పప్పు, గ్యాసు బండ అన్నీ పడవలో రావాల్సిన చోట ఏదీ పారేయరు. అందుకే ఎంతమంది తింటారో, ఏమి తినరో పొద్దున్నే స్పష్టంగా చెప్పండి. మారితే మధ్యాహ్నంలోపు ఫోను చేయండి.

ఇక కొన్ని చిల్లర సంగతులు. అన్ని రాత్రులకూ ముందే డబ్బు కట్టవద్దు. ఒక రాత్రికి మాట్లాడుకుని, నచ్చితే పొడిగించుకోండి. నగదు పోర్ట్‌బ్లెయిర్‌లోనే తీసుకోండి. ప్రభుత్వ పడవ టికెట్లు చవక, కానీ త్వరగా అయిపోతాయి. సముద్రం బాగా లేకపోతే పడవ ఆపేస్తారు కాబట్టి విమానానికి ముందు రాత్రి పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉండండి (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం). లక్ష్మణ్‌పూర్ దగ్గర సహజంగా ఏర్పడిన రాతి వంతెనకు ఆటుపోటు చూసుకుని నీళ్లు తగ్గినప్పుడే వెళ్లాలి. అది ఏ వేళో మీరు దిగిన ఇంటి యజమాని చెబుతాడు. అక్కడి బెంగాలీలు దాన్ని ముద్దుగా హౌరా బ్రిడ్జి అంటారు.

మీ అత్తగారి సంగతి. మూడో రోజు మధ్యాహ్నం మేము బీచి నుంచి వచ్చేసరికి అమ్మా, ఇంటావిడా వంటింటి గుమ్మంలో కూర్చుని అరటిపువ్వు ఒలుస్తున్నారు. అమ్మకు హిందీ రాదు, ఆవిడకు తెలుగు రాదు. ఒక్కో పువ్వులోంచి గట్టి కాడ తీసి పారేయడం మాత్రం ఇద్దరికీ ఒకేలా వచ్చు. ఆవిడ ఆవాలు నూరి కూరలో వేయబోతుంటే అమ్మ మొహం వెలిగింది: ‘మనలాగే ఆవ పెడుతుందే!’ ఆవనూనె వాసన మాత్రం చివరిదాకా పడలేదు. కొబ్బరినూనెతో చేయమంటే రెండు పూటలు అలాగే చేసి పెట్టింది. చింతపండు మాత్రం ఆ ఇంట్లో దొరకలేదు. మీ అత్తగారి సంచిలో ఒక పొట్లం వేయండి.