ముందు మాట వినపడాలి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు ఫోనులో చెప్పిన బాధ కొత్తగా హోం థియేటర్ రిసీవర్, అంటే అన్ని స్పీకర్లకూ శబ్దం పంచే పెట్టె, కొన్న ఇళ్ళలో తరచుగా వినేదే. పేలుళ్ళకు కిటికీ అద్దాలు అదురుతాయి, పాత్రలు ఏం మాట్లాడుకుంటున్నాయో మాత్రం తెలియదు. మాటలు వచ్చినప్పుడు పెంచుతూ, ఫైటు మొదలవగానే తగ్గిస్తూ రిమోట్ పట్టుకుని కూర్చోవాలి. దుకాణం నుంచి వచ్చిన కుర్రవాడు అరగంటలో బిగించి, ఒక ఫైటు సీను వినిపించి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడన్నావు. పాపం, అతనికి ఆ రోజు ఇంకెన్ని ఇళ్ళున్నాయో. ఇల్లు నీది కాబట్టి ఒక ఆదివారం తీరిక చేసుకుని మొదటినుంచీ నువ్వే బిగించుకో. అల్లుడుగారు విసుక్కోవచ్చు. టేపు రెండో కొస పట్టుకోవడానికి ఆయనా కావాలి కాబట్టి ముందే కాఫీ ఇచ్చి కూర్చోబెట్టు.

నా లెక్కలో హోం థియేటర్ బాగుందో లేదో తేల్చడానికి ఒకటే పరీక్ష. ఇద్దరు మామూలు గొంతుతో మాట్లాడుకునే సన్నివేశం పెట్టు. ప్రతి మాటా తెరమీద ఉన్న మనిషి నోటినుంచే వస్తున్నట్టు వినిపిస్తే పని అయినట్టే. చప్పుడు ఎవరైనా చేయించగలరు. నేను చెప్పబోయే వరుసంతా ఆ మాటకోసమే.

రిసీవర్‌ను ముట్టుకోకముందు సెంటర్ స్పీకర్ సంగతి చూడు. 5.1 (అంటే అయిదు స్పీకర్లు, బరువైన బేస్‌కు ఒక సబ్ వూఫర్) సినిమాలో సంభాషణ చాలావరకు దానిలోంచే వస్తుంది. నువ్వు పంపిన ఫోటోలో అది టీవీ కింద చెక్క అరలో, లోపలికంటా తోసి ఉంది. దాని ముందు ఏనుగు బొమ్మల జత కూడా ఉంది. ఏనుగులకు వేరే చోటు చూడు. స్పీకర్ ముఖం అర అంచుతో సమంగా ఉండాలి, ఇంకా చెప్పాలంటే ఒక వేలెడు బయటికి రావాలి. లోపలికి ఉంటే శబ్దం ముందు చెక్కకు తగిలి, తర్వాత నీ దగ్గరికి వస్తుంది. మాట ముద్దగా వినిపించేది అందుకే. అది మోకాలి ఎత్తులో ఉంది, మీ చెవులేమో సోఫాలో కూర్చున్నప్పుడు దాదాపు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. ముందువైపు అడుగున రెండు రబ్బరు ముక్కలు పెట్టి, స్పీకర్ ముఖం మీ చెవులవైపు చూసేలా ఎత్తు. రబ్బరు ముక్కలకయ్యేది చిల్లర ఖర్చే, తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది.

ముందు కుడి ఎడమ స్పీకర్ల మధ్య ఎంత దూరం ఉండాలన్నావు. మీరు కూర్చునే చోటినుంచి టీవీకి పది అడుగులుంటే, ఆ రెండింటి మధ్య ఎనిమిది నుంచి పది అడుగులు ఉండనివ్వు, రెండింటినీ కాస్త లోపలికి, మీ వైపు తిప్పు. పక్క స్పీకర్లు సోఫాకు రెండు పక్కలా, కాస్త వెనకగా, చెవికంటే అడుగో రెండడుగులో ఎత్తులో ఉండాలి. మన ఫ్లాట్లలో చిక్కేమిటంటే సోఫాను వెనక గోడకు ఆనించేస్తాం, ఒకపక్క గోడ ఉంటుంది, రెండోపక్క డైనింగు వైపు ఖాళీగా ఉంటుంది. సోఫాను వీలైనంత ముందుకు జరుపు, ఒక్క అడుగైనా మేలే. గోడ లేనివైపు స్టాండు కొను. ఒకటి గోడకూ రెండోది ఫాల్స్ సీలింగుకూ వేలాడదీయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

వైర్ల విషయంలో తొందర వద్దు. పది మీటర్లలోపు దూరానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. అంతకంటే దూరమైతే, లేదా స్పీకర్ వెనక 4 ఓమ్‌లు అని రాసి ఉంటే 2.5 తీసుకో. కరెంటు తీగలు వెళ్ళే పైపులోనే స్పీకర్ తీగలు లాగుతానని ఎలక్ట్రీషియన్ అంటే ఒప్పుకోవద్దు. అది ప్రమాదం, పైగా గుయ్యిమని మోత కూడా రావచ్చు. స్కర్టింగ్ వెంట కేసింగ్ వేయించు, అందంగా లేకపోయినా పరవాలేదు.

తీగ కొసన పై తొడుగును అరంగుళం ఒలువు. రాగి పోగులన్నీ ఒకేవైపు గట్టిగా మెలితిప్పు, ఒక్కటి కూడా జుట్టులా పక్కకు లేవకూడదు. రిసీవర్ ప్లగ్గు గోడలోంచి తీసేశాకే వెనక చేయి పెట్టు. ఒక పోగు పక్క టెర్మినల్‌ను తాకిందంటే రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి ఆగిపోతుంది. అది ఆగకపోతే లోపల ట్రాన్సిస్టర్లు పోతాయి. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. తీగ రెండు పాయలూ ఒకే రంగులో ఉంటే ఒక పాయమీద సన్నని గీతో, అక్షరాలో ఉంటాయి, దాన్ని ఎప్పుడూ ఎరుపుకే పెట్టు. సెంటర్ స్పీకర్‌కు ఇవి తారుమారైతే మాట తెరమీద నిలవదు, గదంతా తేలుతున్నట్టుంటుంది.

గోడలోంచి వచ్చిన తీగల్లో ఏది ఏదో తెలియకపోతే, రిసీవర్ వైపు కొసలు విప్పేసి, గడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం ఆ కొసలకు తాకించు. అల్లుడుగారిని స్పీకర్ ముందు జాలీ తీసి చూస్తుండమను. టక్కుమని చప్పుడొచ్చిందే ఆ స్పీకర్. ప్లస్ తగిలిన పాయ ఎరుపుదైతే వూఫర్ కోన్ బయటికి ఉబుకుతుంది, లోపలికి పోతే పాయలు తిరగబడ్డాయన్నమాట.

మీ రిసీవర్ వెనక సరౌండ్ అనీ, సరౌండ్ బ్యాక్ అనీ రెండు జతలు ఉంటాయి. నీ పక్క స్పీకర్లు సరౌండ్‌కే వెళ్ళాలి. ఏడు ఛానెళ్ళ రిసీవర్‌కు అయిదు స్పీకర్లు తగిలించేటప్పుడు ఇది తరచుగా జరిగే పొరపాటు, ఒకసారి వంగి చూడు.

టీవీతో కలపడానికి ఒకే హెచ్‌డీఎంఐ తీగ చాలు. టీవీ శబ్దాన్ని వెనక్కి రిసీవర్‌కు పంపే, ఏఆర్‌సీ లేదా ఈఏఆర్‌సీ అని రాసి ఉన్న రంధ్రం టీవీ వెనక సాధారణంగా ఒక్కటే ఉంటుంది, అందులోంచి రిసీవర్ హెచ్‌డీఎంఐ అవుట్‌కు. ఏఆర్‌సీ 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నాటిది, ఈఏఆర్‌సీ 2017లో 2.1తో వచ్చింది. ఓటీటీల్లో వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్‌కు పాతదైనా సరిపోతుంది, కాబట్టి దీనికోసం టీవీ మార్చొద్దు. అసలు గుట్టు టీవీ సెట్టింగుల్లో ఉంటుంది. డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అన్నచోట పీసీఎం ఉంటే చాలా టీవీలు రెండు ఛానెళ్ళే పంపుతాయి. దాన్ని పాస్‌త్రూకో (వచ్చింది వచ్చినట్టే పంపడం) ఆటోకో మార్చు. టీవీ, రిసీవర్ ఒకదాన్నొకటి నడిపించుకునే సీఈసీ ఆన్‌లో ఉండాలి; సామ్‌సంగ్‌లో దాని పేరు ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. తర్వాత సినిమా పెట్టి రిసీవర్ ముఖంమీద ఏమని వస్తోందో చదువు. ఒకే సినిమాకు ఒక భాష ట్రాక్ 5.1లో ఉండి, మరో భాషది స్టీరియోలో, అంటే రెండే ఛానెళ్ళలో, ఉండటం మామూలే. అది నీ బిగింపు లోపం కాదు.

డీటీహెచ్ బాక్సులో చాలా ఛానెళ్ళు స్టీరియోలోనే వస్తాయి. వాటికి రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్ పెట్టు, మాటలను వేరుచేసి సెంటర్‌కు తెస్తుంది. హాల్, స్టేడియం వంటి మోడ్‌ల జోలికి పోవద్దు. వార్తలు చదివే మనిషి బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.

సబ్ వూఫర్‌ను మూలకు తోస్తే బేస్ పెరుగుతుంది, కానీ ఒకే స్వరం బొంయిమని మోగి మాటను కప్పేస్తుంది. మంచి చోటు వెతకడానికి పాత ఉపాయం ఒకటుంది. సబ్ వూఫర్‌ను సోఫాలో నువ్వు కూర్చునే చోట పెట్టి, బేస్ ఎక్కువున్న పాట వినిపిస్తూ, గోడల వెంట మోకాళ్ళమీద పాకుతూ విను. ఎక్కడ ప్రతి స్వరమూ సమంగా వినిపిస్తే అక్కడికి దాన్ని మార్చు. పక్కింటివాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని అల్లుడుగారు సందేహిస్తారు, కర్టెన్లు వేసుకోండి. దాని వెనక క్రాసోవర్ బొత్తాన్ని, అంటే ఎంతవరకు బేస్ సబ్ వూఫర్‌కు పోవాలో తేల్చేదాన్ని, చివరిదాకా తిప్పేయ్, ఆ పని రిసీవర్ చేస్తుంది. కింద మందపాటి రబ్బరు చాప వేయి, కింది ఫ్లాటులో పెద్దవాళ్ళున్నారన్నావు కదా.

ఇప్పుడు పెట్టెలో వచ్చిన చిన్న మైకు తీయి. దానితో నడిచే కొలతల ఏర్పాటును డెనాన్ రిసీవర్‌లో ఆడిసీ అంటారు, యమహాలో వైపావో, పేరేదైనా పని ఒకటే: ప్రతి స్పీకర్ ఎంత దూరంలో ఉంది, ఎంత గట్టిగా వినిపిస్తోందో కొలుస్తుంది. శబ్దం మీటరు దూరం పోవడానికి దాదాపు మూడు మిల్లీసెకన్లు పడుతుంది. దగ్గరి స్పీకర్‌ను ఆ లెక్కన ఆలస్యం చేసి అన్నీ ఒకేసారి నీ చెవికి చేరేలా సర్దుతుంది. మైకును కెమెరా స్టాండుమీద చెవి ఎత్తులో నిలబెట్టు, సోఫా వీపుమీద పెట్టొద్దు. మొదటి కొలత నువ్వు కూర్చునే చోటే తీసుకో. ఫ్యాను, ఏసీ ఆపు. కుక్కర్ విజిల్ వచ్చే వేళా, పనమ్మాయి గిన్నెలు తోమే వేళా వద్దు. పొద్దున్నే, వీధి లేవకముందే మంచిది.

కొలతలయ్యాక ఫలితాలను కళ్ళు మూసుకుని నమ్మకు. మెనూలోకి వెళ్ళి దూరాలు చూడు. సబ్ వూఫర్ దూరం టేపు కొలతకంటే ఎక్కువ చూపిస్తే అలాగే వదిలేయ్, దాని లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కలిపి చెబుతోంది. స్పీకర్లను లార్జ్ అని పెట్టి ఉంటే అన్నింటినీ స్మాల్ చేసి, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టు. బరువైన బేస్ సబ్ వూఫర్‌కు పోతే సెంటర్‌కు మాటొక్కటే మిగులుతుంది. అప్పటికీ మాట తక్కువగా ఉందనిపిస్తే సెంటర్ లెవెల్ ఒకటో రెండో డెసిబెల్స్ పెంచు. రాత్రిపూట డైనమిక్ రేంజ్, అంటే చిన్న చప్పుడుకూ పెద్ద చప్పుడుకూ ఉన్న తేడా, తగ్గించే నైట్ మోడ్ పెడితే గుసగుసా వినపడుతుంది, పేలుడుకు పిల్లా లేవదు.

ఇంతా చేసి హాలు ఖాళీగా ఉంటే లాభం లేదు. నున్నటి టైల్స్, ఏమీ లేని గోడలు, పెద్ద గాజు తలుపు కలిస్తే ప్రతి మాటకూ తోక మొలుస్తుంది. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి తివాచీ, గాజు తలుపుకు బరువైన కర్టెను వేయి. ఎక్కువ వాట్ల రిసీవర్‌కు పెట్టే డబ్బుకంటే ఈ డబ్బు బాగా పనిచేస్తుంది. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది మూడు డెసిబెల్సే. పెట్టెలమీద వేలల్లో రాసే పీఎంపీఓ అనే ఉబ్బించిన వాట్ల అంకెల్ని అసలు చదవకు. పైనుంచి కూడా శబ్దం వినిపించే అట్మాస్ కోసం సీలింగుకు రంధ్రాలు కొట్టించాలా అన్నావు. ముందు ఈ అయిదూ కుదిరాక చూద్దాం.

రిసీవర్‌మీద మాత్రం క్రోషియా గుడ్డ, సెట్ టాప్ బాక్సు, ఫోటో ఫ్రేము ఏదీ పెట్టనివ్వకు, మీ అత్తగారికి నేనే చెబుతాను. పైన అరడుగు ఖాళీ ఉండాలి, అర తలుపు మూయకూడదు, వేడికే ఇవి ముందు పాడవుతాయి.

ఆశీస్సులతో
మీ మామయ్య

తా. క. మీ అన్నయ్య డాలస్‌నుంచి తన పాత సబ్ వూఫర్ తెస్తాడన్నావు. రాగానే ప్లగ్గు పెట్టేయకండి. వెనక చీటీమీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు అది క్షణంలో పొగ కక్కుతుంది. 100 నుంచి 240 అని ఉంటే, లేదా 115, 230 మధ్య మార్చే స్విచ్చు ఉండి దాన్ని 230కి మారిస్తే పరవాలేదు. ఆ చీటీ ఫోటో తీసి ముందు నాకు పంపించమను.