పిల్లల్ని నవ్వమని అడగకు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు రెండుసార్లు చూశాను. వెలుతురు బాగుంది, ఫోకస్ ఎక్కడా తప్పలేదు. కానీ పిల్లలందరూ నీ వైపే చూస్తున్నారు, అందరి మొహాల్లోనూ ఒకటే నవ్వు, "ఇటు చూడు నాన్నా, నవ్వు" అన్న నీ గొంతు నాకు ఇక్కడిదాకా వినపడింది. ఆ మాట మానెయ్, సగం పని అయినట్టే.

ఎవరింటికైనా ఫొటోలు తియ్యడానికి వెళ్ళగానే కెమెరా బయటికి తియ్యకు. ఒక ఇరవై నిమిషాలు కింద కూర్చో, ఎవరు దేంతో ఆడుతున్నారో, ఎవరు ఎవరి మీద అలిగారో చూడు. తర్వాత కెమెరా తీసి, అడిగితే చేతికిచ్చి వాళ్ళనే ఒక ఫొటో తియ్యనివ్వు, పట్టీ మాత్రం నీ మెడలోనే ఉంచుకో. కాసేపట్లో మోజు తీరిపోయి వాళ్ళ ఆటలో వాళ్ళు పడిపోతారు. నీ పని అప్పుడు మొదలవుతుంది.

నిజానికి బిగుసుకుపోయేది పెద్దవాళ్ళే. వాళ్ళని ఊరికే నిలబెట్టకు, చేతులకి ఏదో ఒక పని కావాలి. పాపకి జడ వెయ్యమను, బట్టలు మడతపెట్టమను. పిల్లల్ని నీ వైపు తిప్పొద్దని కూడా ముందే చెప్పు.

ఒకసారి ఒక మూడేళ్ళవాడు బూట్లు తనే వేసుకుంటానని పట్టుబట్టాడు. ఎడమ బూటు కుడికాలికి ఎక్కిస్తున్నాడు, నాలుక పళ్ళమధ్య పెట్టుకుని, మడమ దగ్గర వేలు ఇరికించి లాగుతున్నాడు. వాళ్ళ నాన్న సాయం చెయ్యబోయి ఆగాడు, ఆ చెయ్యి వాడి వీపుకి జానెడు దూరంలో అలాగే ఉండిపోయింది. నేను నేలమీద పడుకుని తీశాను. అందులో పిల్లాడి మొహం సగమే కనిపిస్తుంది, నాన్నకి తలే లేదు, భుజం దగ్గర తెగిపోయింది. ఆ తల్లి మిగతావన్నీ పక్కనపెట్టి దాన్నే పెద్దది చేయించి గోడకి పెట్టుకుంది. అందుకే చెబుతున్నా, మొహాల కోసమే వెతక్కు, చేతులు చూడు.

సెట్టింగులంటావా, కూర్చున్న పిల్లలకి షట్టర్ వేగం 1/250 సెకను సరిపోతుంది, పరిగెత్తేవాళ్ళకి 1/500 కంటే తగ్గించకు, 1/1000 అయితే ఇంకా నయం. ఐఎస్‌ఓ (తక్కువ వెలుతురులో ఫొటోని ప్రకాశవంతం చేసే సెట్టింగు) 3200కి వెళ్ళినా భయపడకు, గ్రెయిన్, అంటే చుక్కచుక్కల గరుకు, ఉన్న ఫొటోని ఎవరైనా ఇష్టపడతారు గానీ చెదిరిపోయిన మొహాన్ని ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగుచెయ్యలేదు. ఇద్దరు ముగ్గురున్నప్పుడు లెన్స్ రంధ్రం బాగా తెరిచి ఎఫ్ 1.4 పెడితే ఒకరి కళ్ళే స్పష్టంగా వస్తాయి, రంధ్రం చిన్నది చేసి ఎఫ్ 4 దాకా వెళ్ళు. ఇరుకు గదిలోనూ ఎక్కువ భాగం పట్టే 35 ఎంఎం లెన్స్ ఇంట్లో హాయి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన ఆట మొదలయ్యేలా చూసుకో, పైన లైట్లు ఆర్పెయ్. చప్పుడు రాని సైలెంట్ షట్టర్ వాడితే ఎల్‌ఈడీ లైట్ల కింద చారలు పడొచ్చు, ముందే ఒకటి తీసి చూసుకో. ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలకి నల్ల టేపు చుట్టుకునేవాడు, ఎవరి కళ్ళూ కెమెరా మీద పడకూడదని. నువ్వు కనీసం నీ కెమెరా చేసే ఆ బీప్ శబ్దం ఆపెయ్.

ఒక్క విషయం మాత్రం ఖచ్చితంగా పాటించు. పిల్ల "వద్దు" అంటే కెమెరా దించెయ్, తల్లిదండ్రులు పరవాలేదన్నా సరే. పెద్దయ్యాక ఆ పిల్ల సిగ్గుపడే ఫొటో, స్నానం చేస్తున్నదైనా ఏడుస్తున్నదైనా, ఎంత బాగా వచ్చినా ఆన్‌లైన్‌లో పెట్టకు.

ఆదివారం వెళ్తున్నావు కదా, రెండో బ్యాటరీ జేబులో వేసుకో. "అయిపోయిందండీ" అన్నాక కూడా కెమెరా బ్యాగులో పెట్టకు. ఆ మాట వినగానే అందరి భుజాలూ దిగుతాయి, అమ్మ కింద చతికిలబడుతుంది, చిన్నది వెళ్ళి ఒళ్ళో వాలుతుంది. ఆ అయిదు నిమిషాలూ వదులుకోకు. అన్నీ తెచ్చి చూపించు, బాగా రాలేదనుకున్నవి కూడా చెరపకుండా.

నీ పెదనాన్న