సెఫ్‌ట్రియాక్సోన్ ఇచ్చేటప్పుడు

చిరంజీవి వనజకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఆత్మకూరు నర్సింగ్ హోంలో రోజూ నీ చేతి మీదుగా వెళ్ళే ఇంజెక్షన్లలో సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్కే ఎక్కువని రాశావు. మన జిల్లాలో ఎక్కడైనా అంతేనమ్మా. టైఫాయిడ్, నిమోనియా, కిడ్నీ దాకా ఎక్కిన మూత్రం ఇన్ఫెక్షన్, మెదడు పొరల వాపు, మడిలో నీళ్ళలో దిగి తెచ్చుకున్న లెప్టోస్పైరా, అన్నిటికీ ఇది రాస్తారు. రోజూ ఇచ్చే మందు గదా అని చూసుకోకుండా ఇయ్యబాక.

అన్నిటికంటే ముందు ఆర్.ఎల్., అదే రింగర్ లాక్టేట్ సెలైన్ సంగతి. ఎండాకాలం వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్ళకి ఆర్.ఎల్. ఎక్కుతా ఉంటుంది. జ్వరం కూడా ఉందని డాక్టర్ గారు సెఫ్‌ట్రియాక్సోన్ రాస్తారు. లైన్ ఉంది గదా అని అందులోనే తోసేస్తారు. ఆర్.ఎల్.లో కాల్షియం ఉంది. రెండూ కలిస్తే ట్యూబులో పాలు విరిగినట్టు తెల్లగా రేణువులు కడతాయి. ఒక్కోసారి కంటికి కనపడవు కూడా. అందుకే ఆర్.ఎల్. బాటిల్లో ఈ మందు కలపబాక, ఎక్కుతున్న లైన్లో మందు తోసే పక్క దారి, వై పోర్టు నుంచి కూడా ఇయ్యబాక. పెద్దవాళ్ళకైతే ఆర్.ఎల్. ఆపి, సెట్ తీసి, నరంలో పెట్టిన కాన్యులా గొట్టాన్ని 10 ఎం.ఎల్. నార్మల్ సెలైన్‌తో కడిగి, మందు ఇచ్చి, మళ్ళీ కడిగాక ఆర్.ఎల్. మొదలుపెట్టు. వీలైతే రెండో చేతికి ఇంకో కాన్యులా పెట్టడం ఇంకా మేలు. కాల్షియం గ్లూకోనేట్‌కీ ఇదే లెక్క.

28 రోజుల లోపు పసిబిడ్డల దగ్గర ఈ కడగడం కూడా చాలదు. కాల్షియం ఉన్న సెలైన్ ఎక్కుతున్నా, ఎక్కించాల్సి వచ్చేలా ఉన్నా, వాళ్ళకి ఈ మందే వద్దు. ఊపిరితిత్తుల్లో, కిడ్నీల్లో ఆ రేణువులు పేరుకుని బిడ్డలు చనిపోయిన సంగతి వైద్యులు నమోదు చేశారు. పచ్చకామెర్లున్న పసిబిడ్డకీ, నెలలు నిండని బిడ్డకీ కూడా వద్దు. కామెర్లకి కారణమైన బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని రక్తంలో పట్టుకుని ఉండే ప్రొటీన్ దగ్గర నుంచి ఈ మందు దాన్ని తోసేస్తుంది, ఆ బిలిరుబిన్ మెదడుకి ఎక్కే ప్రమాదం ఉంది. చీటీలో ఈ పేరు కనిపిస్తే బిడ్డ వయసు చెప్పి డాక్టర్ గారిని అడుగు. అడగడానికి మొహమాటపడబాక.

ఇక కలపడం. 1 గ్రాము పొడి ఉండే చిన్న సీసా, అదే వయల్లో 10 ఎం.ఎల్. డిస్టిల్డ్ వాటర్ పోసి, పొడి మొత్తం కరిగేదాకా తిప్పు. నీళ్ళు లేత పసుపు రంగుకి తిరగడం మామూలే. మబ్బుగా ఉన్నా, నలకలున్నా పారెయ్. పెద్దవాళ్ళకి నరానికి నెమ్మదిగా, గడియారం చూసుకుంటూ 4, 5 నిమిషాలు తీసుకుని ఇవ్వు. పిల్లలకి బరువు చూసి లెక్క కట్టాలి. 12 కిలోల బిడ్డకి కిలోకి 50 మిల్లీగ్రాములని రాస్తే 600 మిల్లీగ్రాములు. పొడి కూడా కొంత చోటు తీసుకుంటుంది గనక 9.6 ఎం.ఎల్. నీళ్ళు పోస్తేనే ఎం.ఎల్.కి సరిగ్గా 100 మిల్లీగ్రాములు వస్తుంది, అందులో 6 ఎం.ఎల్. తీసుకో. ఈ మోతాదు నార్మల్ సెలైన్‌లో కలిపి అరగంట ఎక్కించు. కలిపిన వయల్‌ని మరుసటి రోజుకి దాచబాక.

కండకైతే నొప్పి ఎక్కువ. అందుకే 1 గ్రాముకి మొద్దుబార్చే మందు లిగ్నోకెయిన్ 1 శాతంది 3.5 ఎం.ఎల్. కలుపుతారు. మన ట్రేలో సాధారణంగా ఉండేది 2 శాతం, దానికి సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలిపితే 1 శాతం అవుతుంది. అడ్రినలిన్ కలిసిన లిగ్నోకెయిన్ వయల్ కూడా అదే ట్రేలో ఉంటుంది, లేబుల్ చదవకుండా తీయబాక. లిగ్నోకెయిన్‌తో కలిపింది ఎట్టి పరిస్థితుల్లోనూ నరానికి వెళ్ళకూడదు. సిరంజి మీద ప్లాస్టర్ అంటించి ‘కండకు’ అని రాసి పెట్టు. ఒక చోట 1 గ్రాముకి మించి ఇయ్యబాక.

ఎలర్జీ మాట. టెస్ట్ డోస్ వేసి బొబ్బ రాలేదని ధైర్యపడబాక. టెస్ట్ బాగానే ఉన్నా పూర్తి డోసుకి రియాక్షన్ రావచ్చు. పెన్సిలిన్‌కి గానీ, సెఫ్ పేరుతో మొదలయ్యే మందులకి గానీ ఇదివరకు దద్దుర్లు, ఆయాసం, మొహం వాపు వచ్చాయా అని మనిషినీ, ఇంట్లోవాళ్ళనీ అడిగి కేస్ షీట్‌లో రాయి. ఇంజెక్షన్ అయ్యాక ఉదయగిరి బస్సు టైమైందని లేస్తారు. అరగంట కూర్చోబెట్టు. దురద, దద్దుర్లు మొదలై గొంతు బొంగురుపోయినా, దగ్గు, ఆయాసం వచ్చినా, బి.పి. పడిపోయినా మందు ఆపి ముందు అడ్రినలిన్ తియ్. చాలామంది చెయ్యి ఎలర్జీకి వాడే ఎవిల్, హైడ్రోకార్టిసోన్ వైపు పోతుంది, ప్రాణం నిలిపేది అవి కావు. 1 ఎం.ఎల్.లో 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్ నుంచి పెద్దవాళ్ళకి అర ఎం.ఎల్., తొడ బయటి వైపు మధ్యలో, కండకు. పిల్లలకి కిలోకి 0.01 ఎం.ఎల్. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తు, ఆయాసముంటే కూర్చోనివ్వు, నడిపించబాక. ఎవరినైనా డాక్టర్ గారి కోసం పంపు, ఆక్సిజన్ పెట్టు. 5 నిమిషాలకీ తేరుకోకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. డ్యూటీ ఎక్కగానే ఆంప్యూల్ మీద తేదీ చూసుకో.

టైఫాయిడ్‌కి సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది. రెండో రోజే డోసు పెంచమని ఇంట్లోవాళ్ళు పట్టుబడితే ఆ సంగతి చెప్పు. కానీ రక్త పరీక్షలో టైఫాయిడ్ తేలకుండానే జ్వరం అట్టనే ఉంటే చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, చెవి వెనక ఒకసారి చూడు. సిగరెట్ కాల్చినట్టు నల్లటి చెక్కు కనపడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం కావచ్చు. మన మెట్ట ఊళ్ళలో పొదల్లో తిరిగేవాళ్ళకి వస్తుంది, సెఫ్‌ట్రియాక్సోన్ దాని మీద పనిచెయ్యదు, డాక్సీసైక్లిన్ కావాలి. చూసిన వెంటనే డాక్టర్ గారికి చెప్పు. రక్తంలో క్రిముల్ని పెంచి చూసే బ్లడ్ కల్చర్ పరీక్ష రాసి ఉంటే మొదటి డోసుకి ముందే రక్తం తియ్. అట్టని మెదడు పొరల వాపని అనుమానం ఉంటే మాత్రం ల్యాబ్ కోసం మందు ఆపబాక.

ఇంటికి పంపేటప్పుడు, నీళ్ళ విరేచనాలు ఆగకుండా పట్టుకుంటే నెల తర్వాతైనా సరే వచ్చి చూపించుకోమని చెప్పు. రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకునేవాళ్ళకి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐ.ఎన్.ఆర్. పరీక్ష ముందుగానే చేయించుకోమను.

ఇట్లు,
మీ పెద్దమ్మ