మూడు పరీక్షలు, మూడు అంకెలు: ఏది నమ్మాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, మా అమ్మకు ఆరేళ్లుగా షుగర్. మొన్న పొద్దున పరగడుపున ఇంట్లో మీటర్‌తో చూస్తే 142 వచ్చింది, అనుమానమొచ్చి వెంటనే ఇంకో వేలు పొడిస్తే 133. కాసేపటికే ల్యాబ్‌లో రక్తం ఇస్తే రిపోర్టులో 126! మీటర్ పాడైనట్టేనా? అమ్మేమో టెన్షన్ పడి మాత్ర ఇంకోటి వేసుకుంటానంటోంది.

జవాబు: ఆ అదనపు మాత్ర మాత్రం వద్దని చెప్పండి. ఒక్క రోజు అంకె చూసి మందు మార్చుకోకూడదు.

ఇక మీటర్ సంగతి. ఇంటి మీటర్లకు ఐఎస్ఓ 15197 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 2013 నాటి ఆ ప్రమాణం ప్రకారం ల్యాబ్ విలువ 100 లేదా అంతకు మించి ఉంటే మీటర్ 15 శాతం, 100 లోపయితే 15 పాయింట్లు అటూ ఇటూ కావచ్చు, అదీ నూటికి 95 సార్లయినా ఆ హద్దులోనే ఉండాలి. మీ 126కి లెక్కేస్తే 107 నుంచి 145 దాకా. మీ రెండు అంకెలూ అందులోనే ఉన్నాయి, మీటర్‌ను పాపం ఎందుకు తిట్టడం!

ల్యాబ్ అంకె కూడా దేవుడి మాటేం కాదండీ. తీసిన రక్తంలోంచి రక్తకణాలను త్వరగా వేరు చేయకపోతే ట్యూబులోని ఆ కణాలు గంటకు 5 నుంచి 7 శాతం దాకా చక్కెరను తినేస్తాయి. ఇంకోటి, తిన్న తర్వాత వేలి రక్తంలో షుగర్ చేతి నరంలో కన్నా ఎక్కువే ఉంటుంది కాబట్టి ల్యాబ్‌తో పోల్చాలంటే పరగడుపునే, రెండూ కొద్ది నిమిషాల తేడాలో చేయించండి.

చాలా ఇళ్లలో అసలు తప్పు చేతుల దగ్గరే జరుగుతుంది. పండు ఒలిచిన చేత్తో పొడుచుకుంటే తొక్క మీది తీపి కూడా లెక్కలోకొస్తుంది. సబ్బుతో కడిగి బాగా ఆరనిచ్చి వేలి పక్కన పొడవాలి, గట్టిగా పిండకూడదు. స్ట్రిప్పుల డబ్బా మూత తీసి వదిలేసినా, గడువు దాటినా అంకె నమ్మలేం. అమ్మకు రక్తహీనత ఉందా? ఉంటే కొన్ని మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయి, మీ డాక్టరుకు చెప్పండి.

ఒక్కచోట మాత్రం మీటర్‌తో వాదన వద్దు. 70 లోపు చూపించి చెమటలు, వణుకు ఉంటే, మెలకువగా ఉండి మింగగలిగితే, వెంటనే 15 గ్రాముల చక్కెర ఇచ్చి 15 నిమిషాలాగి మళ్లీ చూడండి.